ఎవరి తాలూకా నువ్వు? పాత్రధారణ ఆటల్లో మాట పెగలడం గురించి

ఆరు నెలలపాటు మా ఆటబల్ల దగ్గర ఒక వాక్యం అక్షరం మారకుండా వినబడింది: “నా పాత్ర అతన్ని ఒప్పించడానికి ప్రయత్నిస్తుంది, డైస్ వెయ్యనా?” విజయనగరంలో, కోటకు నాలుగు వీధుల అవతల, ఒక మిత్రుడి ఇంటి మేడగదిలో, ఆదివారం మధ్యాహ్నాలు మేం అయిదుగురం ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుకుంటాం. నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథలోని లోకాన్నీ, దారిలో ఎదురయ్యే మనుషులనూ, రాక్షసులనూ నడిపించే బాధ్యత నాది. తక్కిన నలుగురూ తలొక పాత్రను నడుపుతారు. పాత్ర తలపెట్టిన పని ఫలిస్తుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకుంటాం. ఆ వాక్యం పలికే మిత్రుడు వృత్తిరీత్యా పద్దులు రాసే గుమాస్తా. నియమాలు నాకన్నా బాగా తెలిసినవాడు, ఎన్నడూ లెక్క తప్పనివాడు, యుద్ధం వచ్చిందంటే అందరూ ఎవరి పక్కన నిలబడాలనుకుంటారో ఆ యోధుడి పాత్ర అతనిది. కాని ఒక మనిషితో నాలుగు మాటలు మాట్లాడవలసిన ఘట్టం వచ్చేసరికి ఆ యోధుడు మాయమై, అతని బలాబలాలు రాసిన కాగితం మాత్రమే బల్లమీద మిగిలేది.

అతను సిగ్గరి అని నేను తీర్మానించుకున్నాను. గేమ్ మాస్టర్లుగా ఉన్నవారికి ఈ తీర్మానం చాలా సుఖాన్నిస్తుంది, ఎందుకంటే లోపం ఎదుటివాడి స్వభావంలో ఉందని ఒకసారి అనుకున్నాక మనం మార్చుకోవలసినది ఏమీ ఉండదు. ఆ తీర్మానం తప్పని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. పాత్రధారణ అంటే నటన కాదు, నిర్ణయం అనీ, పాత్ర తరఫున మనసు పెట్టి నిర్ణయించవలసిన అవసరాన్నే కల్పించని గేమ్ మాస్టర్‌కు, ఆటగాళ్లు నోరు విప్పడం లేదని వాపోయే హక్కు లేదనీ నా వాదన.

ఈ ఆటల పుట్టుకలోనే ఇందుకు సాక్ష్యం ఉంది. 1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ అనే యుద్ధక్రీడాభిమాని, నెపోలియన్ కాలపు నేపథ్యంలో ఒక కల్పిత ప్రష్యన్ పట్టణాన్ని ఊహించి, దానికి బ్రౌన్‌స్టైన్ అని పేరు పెట్టి ఒక ఆట నడిపాడు. అప్పటిదాకా అలాంటి ఆటల్లో ఒక్కొక్కరూ ఒక్కొక్క సైన్యాన్ని నడిపేవారు. వెస్లీ మాత్రం సేనాపతులతోపాటు ఆ ఊరి మేయరు, బ్యాంకు యజమాని, విశ్వవిద్యాలయాధిపతి వంటి పాత్రలను కూడా తలొకరికీ పంచి, ఎవరి స్వార్థాన్ని వారికి అప్పగించాడు. రెండు సైన్యాలు వచ్చి తలపడతాయని అతని పథకం. ఆ యుద్ధం జరగనే లేదు. ఆటగాళ్లు ఒకరినొకరు పక్కగదుల్లోకి పిలుచుకుని మంతనాలాడారు, కుట్రలు పన్నారు, సవాళ్లు విసురుకున్నారు. ఆట చేయిదాటిపోయిందని వెస్లీ దాన్ని వైఫల్యంగా లెక్కవేసుకుంటే, ఆడినవాళ్లేమో మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని తన ‘బ్లాక్‌మూర్’ ఆటలోకి తీసుకువెళ్లడం, తరువాత గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను వెలువరించడం ఈ ఆటలు ఆడే చాలామందికి తెలిసిన చరిత్రే. నేను గుర్తుచేయదలచుకున్న సంగతి వేరు: ఆ రోజు బ్రౌన్‌స్టైన్‌లో ఎవరూ ఎవరినీ “పాత్రలో మాట్లాడండి” అని బతిమాలలేదు, మాట్లాడినవారికి మార్కులూ వేయలేదు. ప్రతి పాత్రకూ ఒక కోరిక ఉంది, అది మరొకరి కోరికకు అడ్డుపడింది. మాటలు వాటంతట అవే వచ్చాయి.

నేను ఈ చరిత్రను చదివి కూడా దాని అర్థాన్ని పట్టించుకోకుండా, అందరిలాగే బహుమతుల దారి పట్టాను. 2014లో వచ్చిన అయిదవ ఎడిషన్ నియమాల్లో ఇందుకొక ఏర్పాటు ఉంది. ప్రతి పాత్రకూ రెండు స్వభావ లక్షణాలు, ఒక ఆదర్శం, ఒక బంధం, ఒక లోపం రాసుకోవాలి. వాటికి తగినట్టు ప్రవర్తించిన ఆటగాడికి గేమ్ మాస్టర్ ‘ఇన్‌స్పిరేషన్’ ఇవ్వవచ్చు. అది ఉన్నవాడు అవసరమైనప్పుడు ఒక పాచికకు బదులు రెండు వేసి, వాటిలో పెద్ద అంకెను తీసుకోవచ్చు. చూడటానికి చక్కని ఏర్పాటే. మా మేడమీద జరిగింది మాత్రం ఇది: సహజంగానే గొంతు పెద్దదైన ఒక మిత్రుడు ప్రతి ఆదివారం ఇన్‌స్పిరేషన్ ఇంటికి పట్టుకుపోయాడు, మా గుమాస్తా మిత్రుడు మునుపటికన్నా ముడుచుకుపోయాడు. మంత్రగత్తె పాత్ర వేసే ఉపాధ్యాయురాలు ఒకనాడు టీ తాగుతూ, “ఇది మా బడి వార్షికోత్సవంలా ఉందండీ, ఎప్పుడూ బహుమతి వచ్చే పిల్లలకే మళ్లీ వస్తుంది” అన్నారు. ఆ మాటతో ఇన్‌స్పిరేషన్ పంపకం ఆపేశాను.

బహుమతులు ఆటగాళ్ల నడవడిని మార్చవని నేను అనడం లేదు, తప్పకుండా మారుస్తాయి. మొదటి తరం డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో బయటికి మోసుకొచ్చిన ఒక్కొక్క బంగారు నాణేనికీ ఒక్కొక్క అనుభవాంకం, అంటే పాత్ర బలం పెరగడానికి కూడబెట్టుకునే పాయింటు, దక్కేది కనుక, ఆనాటి ఆటగాళ్లు రాక్షసులతో పోరాటం తప్పించుకుని నిధిని ఎలా కాజేయాలా అని తెలివి ఉపయోగించేవారు. కాని అక్కడ ఆటగాడు కోరేదీ, పాత్ర కోరేదీ ఒకటే. బంగారం ఆ దొంగకూ కావాలి, దొంగను నడిపేవాడికీ కావాలి. ఇన్‌స్పిరేషన్ అలాంటిది కాదు. ఏ యోధుడూ తన జీవితంలో ఎన్నడూ కోరుకోని వస్తువు అది, దాన్ని కోరేది బల్ల దగ్గర కూర్చున్నవాడు మాత్రమే. అందుకే దానికోసం చేసేది పాత్రధారణ కాకుండా, గేమ్ మాస్టర్ మెప్పుకోసం చేసే ప్రదర్శన అవుతుంది. ‘ఫేట్’ అనే ఆటలోని పద్ధతి ఇంతకన్నా నయం: పాత్ర లోపం వల్ల పాత్రకు నిజంగా చిక్కు వచ్చి పడుతున్నప్పుడు, ఆ చిక్కును ఒప్పుకున్నవాడికి ఒక ఫేట్ పాయింటు దక్కుతుంది. నష్టపరిహారంలా వచ్చేది కనుక అందులో కొంత న్యాయం ఉంది.

నటన అనే భ్రమ దగ్గరికి వస్తాను, ఎందుకంటే మా ప్రాంతంవాళ్లకు ఈ భ్రమ అసలు ఉండకూడదు. గొంతు మార్చి, “నేను” అంటూ ఉత్తమ పురుషలో మాట్లాడితేనే పాత్రలోకి దిగినట్టని చాలామంది అనుకుంటారు. “నా యోధుడు ఆ మాట విని ముఖం తిప్పుకుంటాడు” అని ప్రథమ పురుషలో చెప్పేవాణ్ణి ఇంకా గట్టుమీదే నిలబడ్డవాడిగా లెక్కవేస్తారు. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో 1864లో పుట్టి, విజయనగరాన్ని తన ఊరు చేసుకుని, 1919లో ఇక్కడ వెలసిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు ఏ కళకు పితామహుడని పేరు పొందాడో ఆలోచించండి. హరికథలో దాసుగారు ఒక్కరే. “అంతట హనుమంతుడు ఏమన్నాడయ్యా అంటే” అని బయటినుంచి చెబుతూ చెబుతూ, మరుక్షణం హనుమంతుడై పలికి, ఆ వెంటనే సీతమ్మ కన్నీటిని తన గొంతులోకి తెచ్చుకుని, తిరిగి చిడతలు మోగిస్తూ కథకుడైపోతాడు. చెప్పడానికీ, అవడానికీ నడుమ అక్కడ గోడ లేదు, రాకపోకలకు వీలైన గుమ్మం ఉంది. మా ఆటలోనూ ఆ గుమ్మాన్ని తెరిచి ఉంచితే చాలు. గొంతు మార్చకుండా, “నా యోధుడికి ఈ వర్తకుడి మీద నమ్మకం లేదు, వీడి నవ్వు చూస్తే చిన్నప్పుడు తన పొలం రాయించుకున్నవాడు గుర్తొస్తున్నాడు” అని చెప్పినవాడు సంపూర్ణంగా పాత్రధారణ చేసినట్టే. కొత్త గొంతు పెట్టి పది నిమిషాలు ఉపన్యసించి, చివరికి ఎప్పటిలాగే లాభసాటి పని చేసినవాడు ఏమీ చేయనట్టే.

బుర్రకథనుంచి కూడా నేనొకటి తెచ్చుకున్నాను. అందులో కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యానికి, ఒకరు లోకం పోకడ మీద వ్యాఖ్యానానికి, తందాన పలకడమే వాళ్ల పని అనుకుంటాం గాని, “అదేమిటి, అలా ఎందుకు చేశాడు?” అని సమయానికి అడ్డుపడి అడిగి కథను లోతుకు లాగేది వాళ్లే. ఆట మొదలుపెట్టే ముందు ప్రతి ఆటగాడూ పక్కవాడి పాత్రను ఒక ప్రశ్న అడగాలని మేం పెట్టుకున్న ఆనవాయితీ అక్కడిదే. గేమ్ మాస్టర్ అడిగితే పరీక్షలా ఉండేది, స్నేహితుడు అడిగితే ఊసులా ఉంటుంది.

ఇక భాష. దీనిమీద కొంచెం ఎక్కువసేపు నిలబడక తప్పదు, ఎందుకంటే మా బల్ల దగ్గర మౌనానికి అసలు కారణాల్లో సగం ఇదే. నియమాల పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. అవి వర్ణించే లోకం యూరపు సత్రాలదీ, కోటలదీ. వీరుడు అనేవాడు ఇంగ్లీషులో మాట్లాడాలని, లేదా కనీసం పౌరాణిక నాటకంలోలా గ్రాంథికంలో గర్జించాలని మా అందరి మనసుల్లోనూ ఎక్కడో ఉండిపోయింది. మొదటిది మాకు అలవాటు లేదు, రెండవది నోట్లోకి రాగానే నవ్వు వస్తుంది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, జనం నోట నలిగే భాషలోనే చదువు చెప్పాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1892లో ఇదే విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ ‘కన్యాశుల్కం’లో ఒక్కొక్క పాత్రా నోరు తెరవగానే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసిపోతాయి. ఇంతటి వారసత్వం ఉన్న జిల్లాలో కూర్చుని, మేం మా వీరులకు మాత్రం నోరు లేకుండా చేశాం. (ఇంత చెప్పి ఈ వ్యాసాన్ని శిష్ట వ్యావహారికంలో రాస్తున్నందుకు గిడుగువారు నన్ను క్షమించాలి, రాసేటప్పుడు నాకు ఇదే చేతికొస్తుంది.)

మార్పు మొదట నా నోటితో రావలసి ఉంది, ఎందుకంటే గేమ్ మాస్టర్ ఏ భాషలో పిలిస్తే బల్ల ఆ భాషలో పలుకుతుంది. యూరపు సత్రాన్ని తీసేసి, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వంటి ఒక రేవు పట్టణాన్ని అల్లాను. దాపున ఒక కొండ, కొండమీద శాలిహుండంలోలాగా శిథిలమైన బౌద్ధ స్తూపాలు, వాటి కింద మా కథకు కావలసిన రాక్షసుడు. కొండకు చేరాలంటే నది దాటాలి, నది దాటాలంటే పడవవాడు కావాలి. ఆ పడవవాడు నోరు తెరిచి, “ఎవుల తాలూకా బావూ నువ్వు?” అని అడిగాడు.

ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లకు ఈ ప్రశ్న బరువు చెప్పనక్కరలేదు. ఇక్కడ కొత్త మనిషికి మంచినీళ్లిచ్చేముందు కూడా ఎవరి తాలూకా అని అడుగుతారు: ఎవరి బంధువు, ఏ ఊరివాడు, ఎవరిని చూసి నమ్మాలి అని దాని అర్థం. పాత్ర పూర్వకథ రెండు పేజీలు రాసుకురమ్మని నేను ఎన్నిసార్లు అడిగినా రాయని మనుషులు, ఈ ఒక్క ప్రశ్నకు తడుముకుంటూనైనా జవాబు చెప్పడం మొదలుపెట్టారు. మంత్రగత్తెకు నదికి అవతల ఒక మేనత్త ఉందని అప్పుడే పుట్టింది. దొంగ పాత్రధారి అబద్ధపు ఊరు చెప్పాడు, ఆ అబద్ధం తరువాత మూడు ఆదివారాల కథకు ఇంధనమైంది. అయితే ఈ ప్రశ్నకు మరో ముఖం ఉందనీ, బయటి లోకంలో చాలాసార్లు అది కులం ఆరా తీయడానికి పట్టుకునే చీకటి దారి అనీ మాకు తెలుసు. అందుకని మొదటి రోజే అందరం కూర్చుని, మా లోకంలో తాలూకా అంటే ఊరూ, పనీ, మనుషులూ మాత్రమేననీ, కులం ఆ రేవులో అడుగుపెట్టదనీ మాట అనుకున్నాం. ఏ సంగతులు కథలోకి రావాలో, ఏవి రాకూడదో ముందుగా మాట్లాడుకోని బల్ల దగ్గర మనసు విప్పి ఆడటం ఎవరివల్లా కాదు.

గుమాస్తా మిత్రుడి వంతు వచ్చింది. “నా పాత్ర అతన్ని ఒప్పించడానికి…” అని మొదలుపెట్టాడు. నేను పడవవాడిగానే, “ఒప్పించడానికేటుంది బావూ, దాటించడానికి నాకు పడవే నేదు, షావుకారు పట్టుకుపోనాడు” అన్నాను. గదిలో ఫాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పాచిక అతని చేతిలోనే ఉంది. కొంతసేపటికి అతను పాచికను బల్లమీద పెట్టి, మామూలు గొంతుతో, తన రోజువారీ గొంతుతో, “అప్పెంత?” అన్నాడు. నలభై నాణేలన్నాను. “వడ్డీ?” నూటికి నెలకు అయిదు. “కాగితం రాశావా, వేలిముద్ర వేశావా?” ఇరవై నిమిషాలు ఈ విచారణ సాగింది. తక్కినవాళ్లు ఒక్కరూ అడ్డుపడలేదు, నా దగ్గర జవాబులు సిద్ధంగా లేక అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయాను. చివరికి అతని యోధుడు షావుకారు ఇంటికి వెళ్లి, తన బలానికంతటికీ మూలమైన కత్తిని అదే నలభై నాణేలకు, అదే వడ్డీకి తాకట్టుపెట్టి పడవను విడిపించాడు. కత్తి లేకుండా కొండ ఎక్కాడు. ఆ రాత్రి రాక్షసుడి ముందు అతను పట్టుకున్నది పడవ తెడ్డు.

ఆ ఘట్టంలో నేను నేర్చుకున్నది ఇది. నేను అంతకుముందు ఎదురు పంపిన వర్తకులూ, రాజోద్యోగులూ అందరూ సమాచారం ఇచ్చి, పని అప్పజెప్పి, డబ్బిచ్చే యంత్రాలు. యంత్రంతో ఎవరైనా ఏం మాట్లాడతారు, మీట నొక్కుతారు; “డైస్ వెయ్యనా?” అన్నది మీట నొక్కడమే. పడవవాడికి మాత్రం ఒక కష్టం ఉంది, ఆ కష్టానికి సరైన జవాబు నియమాల పుస్తకంలో లేదు, ఏ జవాబు చెప్పినా పాత్ర ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. పైగా ఆ కష్టం మా మిత్రుడు బతుకులో రోజూ చూసే రకం. ఆటగాడికి తెలిసిన లోకంనుంచి ఒక దారం తెచ్చి పాత్ర చేతికి అందించడం గేమ్ మాస్టర్ చేయగల ఉపకారాలన్నింటిలోకీ పెద్దదని ఇప్పుడు నమ్ముతున్నాను.

నియమాలను గట్టిగా పట్టుకునేవాళ్లు దీనికి ఒక అభ్యంతరం చెబుతారు, అది న్యాయమైనదే. మాటకారి కానివాడు మాటకారి పాత్రను ఎంచుకునే వీలు ఉండాలి; బరువులెత్తే ఘట్టం వచ్చినప్పుడు ఆటగాణ్ణి లేచి బియ్యం బస్తా ఎత్తమని అడగనప్పుడు, ఒప్పించే ఘట్టంలో మాత్రం అనర్గళంగా మాట్లాడమని అడగడం అన్యాయం అంటారు. ఒప్పుకుంటాను, పాచిక అందుకే ఉంది. కాని బస్తా ఎత్తేవాడు కూడా ఏ బస్తా ఎత్తుతున్నాడో, దాన్ని ఎక్కడికి మోస్తాడో చెప్పాలి కదా. అలాగే ఒప్పించేవాడు ఏం ఇవ్వజూపుతున్నాడు, ఏది దాస్తున్నాడు అన్నంతవరకు చెబితే చాలు, ఎంత తీయగా చెప్పాడన్నది పాచిక చూసుకుంటుంది. మా బల్ల దగ్గర ఇప్పుడు ఇదే ఒప్పందం. అనర్గళత్వానికి అదనపు అంకెలు లేవు, ఇవ్వజూపినది ఎదుటి మనిషి అవసరానికి తగిలితే మాత్రం కొన్నిసార్లు పాచిక వేయవలసిన పనే ఉండదు.

మరికొందరు, యుద్ధం చేయడానికే వచ్చినవాణ్ణి వదిలేయమంటారు. ఇదీ సగం నిజం. మా నాలుగో ఆటగాడు, దొంగ పాత్రధారి తమ్ముడు, వ్యూహాలంటే ప్రాణం పెడతాడు. చిన్నప్పుడు పులిజూదంలో మేకలతో పులిని కట్టేసినప్పుడు కలిగే సంతోషమే అతను ఇక్కడా వెతుక్కుంటాడు, అందులో చిన్నతనమేమీ లేదు. అతన్ని నేను తొందరపెట్టను. కాని శత్రువు తెల్లజెండా ఎత్తినప్పుడు ఏం చేయాలన్న నిర్ణయం మాత్రం ప్రతిసారీ అతని పాత్రకే వదులుతున్నాను. రెండుసార్లు నరికాడు. మూడోసారి, ఎందుకో చెప్పకుండా, వదిలేశాడు. నేనూ అడగలేదు.

గేమ్ మాస్టర్లకున్న అసలు రోగం గురించి కూడా చెప్పాలి: మాట్లాడని ఆటగాళ్ల గురించి బాధపడుతూనే, మౌనాన్ని మూడు క్షణాలు కూడా భరించలేం. ప్రశ్న అడిగి, జవాబు రాకముందే మనమే రెండు దారులు సూచిస్తాం, ఆటగాడు తలూపి ఒకటి ఎంచుకుంటాడు, కథ నడిచిందనుకుంటాం. ఆ రోజు ఫాను చప్పుడు వింటూ నేను నోరు మూసుకుని కూర్చోవడం నా ఘనత కాదు, నాకు తరువాత ఏం చెప్పాలో తోచలేదు, అంతే. ఇప్పుడు మాత్రం తెలిసే కూర్చుంటున్నాను.

మొన్నటి ఆదివారం వానకు కరెంటు పోయింది. సెల్‌ఫోను వెలుతురులో పాచికలు తీస్తుండగా, ఆనవాయితీ ప్రశ్నలు ఇంకా మొదలుకాకముందే, గుమాస్తా మిత్రుడు తన జేబులోనుంచి చిన్న పుస్తకం తీసి, కథలో నాలుగు నెలలు గడిచాయి కనుక వడ్డీ ఎనిమిది నాణేలైందనీ, మొత్తం నలభై ఎనిమిది అనీ, తన యోధుడి దగ్గర ముప్ఫయ్యొకటే ఉన్నాయనీ చెప్పాడు. ఆ లెక్క నా పుస్తకంలో లేదు. కత్తి సంగతి నేను దాదాపు మరిచిపోయాను. మంత్రగత్తె తన చెవిపోగులు తీసి బల్లమీద పెడుతున్నట్టు చెయ్యి చాపి, “వీటికి ఎంతిస్తాడో అడుగు” అంది.